సైకిలు దీపము: ముందుది కొనవలెనా, వెనుకది కొనవలెనా?

రోడ్డు పొడుగునా మునిసిపాలిటీవారు దీపాలు పెట్టి ఉండగా సైకిలుకు వేరే దీపమెందుకని అడిగేవారు మన సభ్యులలోనే చాలమంది ఉన్నారు. అడగదగిన ప్రశ్నయే. శ్రీవిల్లిపుత్తూరు రథవీధులలోగాని, బస్సుస్టాండు ఎదుటగాని రాత్రి తొమ్మిది గంటలకు కూడ దినపత్రిక చదువుకొనేటంత వెలుతురు ఉంటున్నది. గుంట ఎక్కడ ఉన్నదో, ఆవు ఎక్కడ పడుకొని ఉన్నదో కంటికి బాగానే కనబడును. కాని సైకిలు దీపానికి రెండు ఉద్యోగాలు ఉన్నవి. తొక్కేవానికి దారి చూపించుట ఒకటి, తొక్కేవానిని ఇతరులకు చూపించుట రెండవది. వీధి దీపము మొదటి పనిని కొంతవరకు చేయగలదు. రెండవ పనికి అది చాలదు. పైనుండి పడే వెలుతురులో నల్ల చొక్కా వేసుకొన్న మనిషి వీపు రోడ్డు రంగులో కలిసిపోవును. దానికి తోడు అంగళ్ల దీపాలు, ఎదురుగా వచ్చే కార్ల దీపాలు, మోటారు సైకిళ్ల దీపాలు ఇన్ని ఉండగా, వెలుగు లేనిది ఏదో అదే డ్రైవరు కంటికి ఆనకుండా పోవుచున్నది.

ఇక ఊరు దాటితే వీధి దీపాల మాటే లేదు. తిరుమంగలము నుండి కృష్ణన్‌కోవిల్, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయము, తెన్‌కాశి మీదుగా కొల్లము పోయే జాతీయ రహదారి 744 మన ఊరి గుండా పోవుచున్నది. కేరళకు సరుకు మోసే లారీలన్నీ రాత్రిపూట ఈ దారినే పట్టును. కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరము వైపు చూస్తే అక్కడ కన్యాకుమారి పోయే రహదారి 44 ఉన్నది. మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఊళ్లు చాలవరకు ఇటువంటి పెద్ద రోడ్లను ఆనుకొనియే ఉన్నవి. రోడ్లు వెడల్పయినవి, బండ్ల వేగము పెరిగినది, మన సైకిలు మాత్రము గంటకు పన్నెండు పదిహేను కిలోమీటర్లకు మించలేదు.

ఈ కాలములో సైకిలు తొక్కేవారు ఎవరున్నారని కొందరు నవ్వుదురు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చూస్తే తెలియును. పాల క్యానులు కట్టుకొని చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చేవారు ఉన్నారు. మన ఊరి పాలకోవా పేరు దేశమంతా వినబడుచున్నదిగాని, ఆ పాలు చీకటిలో సైకిలు మీద వచ్చుచున్నవని తినేవారికి తట్టదు. రాజపాళయములో 1936లో మొదటి నూలుమిల్లు స్థాపింపబడినప్పటినుండి ఆ ప్రాంతములో మిల్లులు పెరుగుచునే వచ్చినవి. అక్కడ రాత్రి షిఫ్టు దిగి ఇల్లు చేరేవారు ఉన్నారు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో ప్లస్ వన్ చదివే పిల్లలకు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చే సైకిళ్లు ఉన్నవి. ఆ పిల్లలు స్పెషల్ క్లాసు, ట్యూషను ముగించుకొని ఏడున్నరకో ఎనిమిదికో తిరిగివచ్చుచున్నారు. నావంటి గుమాస్తాలు ఉన్నారు. డిసెంబరు నెలలో ఆరు గంటలకే ప్రొద్దు క్రుంకును. ఆఫీసు తలుపులు వేసేసరికి బయట చీకటియే.

పైగా మనకు ముఖ్యమైన వాన ఐప్పసి, కార్తికములలోనే. ఈశాన్యపు వాన, తొందరగా పడే చీకటి రెండును కలిసి వచ్చును. ఆ తరువాత ధనుర్మాసము. ఆ నెల అంతా ఆండాళ్ కోవెలకు తిరుప్పావై వినుటకు వేకువనే బయలుదేరే పెద్దవారు, వారిని సైకిలు వెనుక కూర్చోబెట్టుకొని తీసుకుపోయే మనుమలు ఎందరో కనబడుదురు. మంచు కమ్మిన ఆ వేళలో కారు దీపము ముందుకు పడవలసినంత పడదు. కనుక ఐప్పసి మొదలు తై నెల వరకు మన సైకిళ్లకు గడ్డు కాలమని చెప్పవచ్చును. దీపము కొనదలచినవారు వాన మొదలు కాకముందే కొనుట మంచిది.

మా వీధిలో పాలు పోసే ఒక పెద్దాయన సంగతి ఇక్కడ చెప్పవలెను. ఆయన సైకిలుకు ముందు మంచి దీపము ఉండెను. కుమారుడు కొనిపెట్టినది, చాల దూరము వెలుగు పడేది. వెనుక ఏమియు లేదు. సైకిలుతో వచ్చిన ఎర్ర బిళ్ల ఒకటి మడ్‌గార్డు మీద ఉండెనుగాని, దానికి అడ్డముగా రెండు వైపులా క్యానులు, వాటిపైన తడిగోనె. తెల్లవారుజామున ఒక వ్యాను వెనుకనుండి వచ్చి తాకినది. ప్రాణము దక్కినది. తొడ ఎముక విరిగి ఐదు నెలలు మంచము మీద ఉన్నాడు. పాడి ఆవులలో ఒకదానిని అమ్మవలసి వచ్చినది. వ్యాను డ్రైవరు, “అయ్యా, నాకు కనబడలేదు” అని ఏడ్చినాడట. తప్పించుకొనుటకు అన్నాడని వీధిలో అందరును తిట్టిరి. కనబడలేదన్నమాట నిజమేనని నా అభిప్రాయము. ఆయన ముందు దీపము ఎంత దూరము వెలిగినా, వెనుకనుండి వచ్చేవానికి దానివల్ల కలిగే ఉపకారము చాల తక్కువ.

లెక్క వేసి చూతము. వ్యాను గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నది, సైకిలు 15 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. రెంటికీ తేడా 45 కిలోమీటర్లు. అనగా సెకనుకు పన్నెండున్నర మీటర్లు చొప్పున వ్యాను సైకిలును సమీపించుచున్నది. దీపము లేని సైకిలు డ్రైవరు కంటికి 30 మీటర్ల దూరములో ఆనినదనుకొందము. అతనికి మిగిలినది రెండున్నర సెకన్లకు తక్కువ. ఆ లోపల అది ఏమిటో గుర్తించవలెను, కాలు బ్రేకు మీద పెట్టవలెను, స్టీరింగు త్రిప్పవలెను, ఎదురుగా మరొక బండి రాకుండా ఉండవలెను. ఎర్ర దీపము ఉండి 200 మీటర్ల నుండియే కనబడినచో అతనికి పదహారు సెకన్లు దొరకును. పదహారు సెకన్లలో నిద్ర మత్తులో ఉన్నవాడు కూడ ప్రక్కకు తప్పుకొనగలడు.

కాబట్టి చేతిలో ఒక దీపానికే డబ్బు ఉన్నప్పుడు వెనుక ఎర్ర దీపమే మొదట కొనవలెనని నా గట్టి సలహా. మన అంగళ్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకముగా జరుగుచున్నది. ఎవరైనా “సైకిలు లైటు” అని అడిగితే అంగడివాడు తీసి చూపేది ముందు దీపమే. కొనేవాడు కూడ అదే కోరును, ఎందుకనగా అది తన కంటికి కనబడే వెలుగు. వెనుక దీపము వెలుగుచున్నదో లేదో తొక్కేవానికి తెలియను కూడ తెలియదు. వీధి దీపాలు లేని దారిలో పోయేవారికి మాత్రము రెండును కావలసినదే. అటువంటివారు ఒక నెల వెనుకది, మరునెల ముందుది కొనవచ్చును.

పూర్వము ఈ విషయములో పోలీసువారి భయము ఉండేది. దీపము లేకుండ, లేదా ఇద్దరు ఎక్కి పోయేవారిని పట్టుకొని అపరాధము వేసేవారని మా పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. కిరోసిను దీపము గాలికి ఆరిపోతే, వేడిగా ఉన్న చిమ్నీని చూపించి “ఇప్పుడే ఆరినది” అని తప్పించుకొనేవారట. ఆ తరువాత కార్బైడు దీపాలు. పైన నీటి తొట్టి, క్రింద కార్బైడు రాళ్లు. చుక్క చుక్కగా నీరు పడితే ఎసిటిలీను వాయువు పుట్టి తెల్లగా వెలిగేది. వాసన మాత్రము భరింపరానిది. దాని వెనుక బర్మింగ్‌హాము మిల్లర్ కంపెనీ డైనమోలు వచ్చినవి. చక్రానికి ఆనించిన సీసా వంటి ఆ డైనమో, హ్యాండిలు నడుమ గుండ్రని దీపము ఉన్న సైకిలు ఇంట ఉండుట ఒక హోదాగా భావించేవారు. నేడు మోటారు వాహనాల చట్టము సైకిలుకు వర్తించదు, పట్టుకొనేవారును లేరు. 2020లో కేంద్ర ప్రభుత్వము సైకిలుకు అమర్చే రిఫ్లెక్టరు బిళ్లల నాణ్యత గురించి ఒక ఆజ్ఞ వెలువరించినది. అది బిళ్లల వరకే. దీపము పెట్టుకొనుట తొక్కేవాని ఇష్టానికే వదిలివేయబడినది.

ఈ రిఫ్లెక్టరు బిళ్ల గురించి ఒక భ్రమ ఉన్నది. బిళ్ల తనంతట తాను వెలగదు. దానిపై పడిన వెలుగును వచ్చిన దిక్కుకే త్రిప్పి పంపును. బండి దీపము సూటిగా దానిమీద పడినప్పుడు మాత్రమే పనిచేయును. మలుపులోగాని, అడ్డవీధినుండి వచ్చేవానికిగాని అది కనబడదు. మురికి పట్టినా, వంగినా అంతే. కనుక బిళ్ల ఉండవలెను, దీపము కూడ ఉండవలెను.

వెనుక దీపము ఎక్కడ బిగించవలెనన్నది దీపము ధరకంటె ముఖ్యమైన ప్రశ్న. సీటు క్రింది గొట్టానికి తగిలించుమని పెట్టెమీద బొమ్మ వేసి ఉండును. అది కారియరు లేని, బరువు మోయని దొరల సైకిళ్లకు సరిపోవును. మన సైకిలుకు కారియరు ఉన్నది. కారియరు మీద బియ్యపు మూట, పాల క్యాను, పిల్లవాని సంచి, లేదా ఇంటి ఇల్లాలు ఉందురు. చీర కొంగో, పంచె చెరగో క్రిందికి వ్రేలాడును. సీటు గొట్టము మీది దీపము వీటన్నిటి వెనుక దాగిపోవును. మనకు తగిన చోటు కారియరు చిట్టచివర, లేకపోతే మడ్‌గార్డు చివర. క్యానులు మోసేవారు క్యాను వెడల్పును దాటి బయటకు కనబడేటట్లు కుడివైపున కట్టవలెను, ఎందుకనగా మనలను దాటిపోయే బండ్లు కుడివైపునుండి పోవును. ఐదు రూపాయల ఇనుప పట్టీ, రెండు నట్లు ఉంటే ఏ సైకిలు షాపువాడైనను బిగించి ఇచ్చును. దీపము ముఖము ఆకాశానికో నేలకో కాక సరిగా వెనుకకు చూడవలెను. బిగించిన తరువాత మూట కట్టి, మనిషిని కూర్చోబెట్టి, ఇరువది అడుగులు వెనుకకు నడిచి చూడవలెను.

ఎర్ర దీపము మినుకుమినుకు మనవలెనా, నిలకడగా వెలగవలెనా అన్నది దేశదేశాలలో వాదము. జర్మనీలో సైకిలుకు మినుకు దీపము నిషేధము. ఇంగ్లండులో 2005లో చట్టము సవరించి దానిని అనుమతించినారు. మినుకు దీపము తొందరగా దృష్టిని లాగునుగాని, అది ఎంత దూరములో ఉన్నదో అంచనా వేయుట చూచేవానికి కష్టము. నిలకడ దీపములో ఆ బాధ లేదు, బ్యాటరీ మాత్రము త్వరగా అయిపోవును. ఊరి నడుమ ఇతర వెలుగుల మధ్య మినుకును, ఊరి బయట చీకటిలో నిలకడను వాడుట నాకు సబబుగా తోచుచున్నది. ముందు దీపమును మాత్రము మినుకు పెట్టకండి. ఎదుటివారికి తలనొప్పి, మీకును దారి సరిగా కనబడదు.

దీపమువల్ల నిజముగా ఫలితము కలదా అని అడిగేవారికి డెన్మార్కు దేశములో ఓడెన్సె పట్టణపు అనుభవము చెప్పవచ్చును. 2004 నవంబరు నుండి ఒక సంవత్సరము పాటు 3,845 మంది సైకిలువారిని రెండు భాగాలు చేసి, ఒక భాగమువారి సైకిళ్లకు పగలు రాత్రి ఎల్లప్పుడు వెలిగే దీపాలు అమర్చినారు. చక్రానికి కట్టిన అయస్కాంతముతో పనిచేసే దీపాలవి. గాయము తగిలిన ప్రమాదాలు ఆ భాగములో 19 శాతము తక్కువగా నమోదయినవి. సైకిలుకు ప్రత్యేకమైన దారులు వేసిన దేశములోనే ఇంత తేడా ఉన్నది. లారీతో భుజము రాసుకొని పోయే మన దారులలో తేడా అంతకు తగ్గదని ఊహించుట అన్యాయము కాదు.

ఇక ముందు దీపము. ఇందులోనే కొనేవారు ఎక్కువ మోసపోవుచున్నారు. అంగడికి వెళ్లి అడిగితే, “సార్, ఇది రెండువేల ల్యూమెన్, రెండువందల యాభై రూపాయలే” అని పెట్టె చేతిలో పెట్టుదురు. ల్యూమెన్ అనగా దీపమునుండి నాలుగు దిక్కులకు వెడలే మొత్తము వెలుగు కొలత. పెట్టె మీద లోపలి బ్యాటరీ 1200 ఎం.ఎ.హెచ్. అని కూడ వ్రాసి ఉండును. గుమాస్తా బుద్ధి ఊరకుండదు గదా, లెక్క వేయవలసినదే. మంచి ఎల్.ఇ.డి. ఒక వాటుకు ఇంచుమించు నూరు ల్యూమెన్లు ఇచ్చుననుకొంటే, రెండువేలకు ఇరువది వాట్లు కావలెను. 1200 ఎం.ఎ.హెచ్., 3.7 వోల్టుల బ్యాటరీలో ఉన్న శక్తి నాలుగున్నర వాట్-గంటలకు లోపే. ఆ లెక్కన దీపము పదమూడు నిమిషాలలో ఆరిపోవలెను. అదే పెట్టెమీద “ఆరు గంటలు వెలుగును” అని ఉండును. రెంటిలో ఒకటి అబద్ధము, తరచుగా రెండును. అట్లే 18650 అని పిలిచే వ్రేలంత బ్యాటరీ మీద 9800 ఎం.ఎ.హెచ్. అని ఉంటే నమ్మనక్కరలేదు. అటువంటి బ్యాటరీలో మేలురకానికి కూడ 3500 ప్రాంతమే.

అంకెలు చూచుటకంటె అంగడి మూలనున్న చీకటి గోడమీదనో, బల్ల క్రిందనో దీపము వేయించి చూచుట మేలు. నడుమ ఒక చిన్న చుక్కగా మండి చుట్టూ ఏమియు లేని దీపము టార్చిలైటు జాతి. గుంటను చూపించును, ప్రక్కన పడుకొన్న కుక్కను చూపించదు. వెలుగు అడ్డముగా వెడల్పుగా పరచుకొని, పై అంచు కత్తిరించినట్లు ఆగిపోయే దీపము సైకిలుకు తగినది. జర్మనీ చట్టము సైకిలు దీపానికి ల్యూమెన్ అడగదు, పది మీటర్ల దూరములో రోడ్డుమీద పది లక్సుల వెలుగు పడవలెనని అడుగును. ఎక్కడ వెలుగు కావలెనో అక్కడనే కొలత తీసుకొనుట చాల తెలివైన పద్ధతి. మన అవసరానికి నిజమైన నూరు లేక రెండువందల ల్యూమెన్లు ఊరిలోను, ఊరి బయట కూడ మెల్లగా పోయేవారికి సరిపోవును. బిగించేటప్పుడు వెలుగు నడిబొడ్డు సైకిలుకు ఏడెనిమిది మీటర్ల ముందు నేలమీద పడేటట్లు వంచవలెను. ఎదుటివాని కంటిలో కొట్టే దీపము వానిని ఒక క్షణము గ్రుడ్డివానిని చేయును, ఆ క్షణములో వాడు మన మీదికే రావచ్చును.

శక్తి ఎక్కడనుండి వచ్చుననే దానినిబట్టి ఈనాడు దొరికే దీపాలు నాలుగు రకాలు. వీటిలో డైనమో మీద నాకు ఇప్పటికీ అభిమానమే. ఆరు వోల్టులు, మూడు వాట్లు దాని సంప్రదాయము. బ్యాటరీ కొననక్కరలేదు, చార్జి మరచితిమన్న బాధ లేదు, బోల్టుతో బిగించినది గనుక దొంగ ఐదు నిమిషాలు కష్టపడవలెను. పాత పసుపుపచ్చ బల్బు తీసి డైనమోకు తగిన ఎల్.ఇ.డి. బల్బు వేస్తే వెలుగు ఎన్నో రెట్లు. లోపాలు కూడ ఉన్నవి. కాలికి బరువు తెలియును, వానలో టైరుమీద జారును, రైల్వే గేటు దగ్గర సైకిలు ఆపగానే దీపము కూడ ఆరిపోవును. ఆగినప్పుడు కూడ కొంతసేపు వెలిగే రకాలు విదేశాలలో సామాన్యము, మన బజారులో అరుదు. ఇంటిలో పాత డైనమో ఉన్నవారు దానిని పాతసామానువానికి వేయక ముందుకు దానినే వాడుకొని, వెనుకకు వేరే బ్యాటరీ దీపము పెట్టుకొనుట అన్నిటికంటె చవుక మార్గము.

రెండవది, సన్న పెన్సిలు బ్యాటరీలతో వెలిగే దీపము. ఏ పల్లెలోనైనను బ్యాటరీ దొరకును. తిరిగి చార్జి చేసుకొనే బ్యాటరీలు నాలుగు, చార్జరు ఒకటి కొంటే సంవత్సరాలు నడుచును. మూడవది, యు.ఎస్.బి. తీగతో చార్జి చేసేది. ఇంటింట ఫోను చార్జరు ఉన్నది గనుక ఇది సులభము. రెండువందల యాభై నుండి నాలుగువందల లోపల నమ్మదగిన వెనుక దీపము దొరకుచున్నది. దీనిలో బ్యాటరీ మార్చుటకు వీలుండదు, రెండు మూడేండ్లకు బలహీనపడును. ఆదివారము ఒక రోజు, బుధవారము ఒక రోజు అని చార్జికి వారము నిర్ణయించుకొంటే మరపు ఉండదు.

నాలుగవది బిళ్ల బ్యాటరీతో వెలిగే చిన్న రబ్బరు దీపము. నూరు రూపాయలకు ముందుది వెనుకది జతగా వచ్చును గనుక అందరి చేయి దీనిమీదికే పోవును. దీనికి 2032 అనే నాణెము వంటి బ్యాటరీలు రెండేసి కావలెను. ప్రతి సాయంకాలము వాడేవారు నెలకు ఒక జత మార్చవలసి వచ్చినదనుకొని, బ్యాటరీ ముప్పది రూపాయలు చొప్పున వేస్తే, ఒక దీపానికే సంవత్సరానికి 720 రూపాయలు. చవుక దీపము అసలు ధర ఇది. ఇంతకంటె పెద్ద విషయము మరొకటి ఉన్నది. ఇంటిలో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ బిళ్ల బ్యాటరీ విషయములో చాల జాగ్రత్తగా ఉండవలెను. పసిబిడ్డ దానిని మ్రింగినచో అది అన్నవాహికలో చిక్కుకొని, రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవలెను, అరటిపండు తినిపించి చూతమని ఇంటిలో ఆగరాదు. అయిపోయిన బ్యాటరీలో కూడ ఆ విషశక్తి మిగిలియే ఉండును. వాడిన వాటిని రెండు ప్రక్కల టేపు అంటించి అందకుండా పారవేయుట అవసరము. స్క్రూతో బిగించిన మూత లేని దీపము పిల్లలున్న ఇంటికి తేరాదు.

వాన సంగతి పెట్టెమీద ఐ.పి.ఎక్స్.4 అని ఉన్నదో లేదో చూచుటతో సగము తేలును. అన్ని వైపులనుండి చిమ్మే నీటికి ఆగుననుట దాని అర్థము. ఐ.పి.ఎక్స్.7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదు, మనకు అంత అక్కరలేదు. చార్జి రంధ్రాన్ని మూసే రబ్బరు బిరడా గట్టిగా ఉన్నదా లేదా అని వ్రేలితో నొక్కి చూడండి. మొదట ఊడేది అదే. వానలో తడిసిన దీపమును తుడిచి ఆరనిచ్చి తరువాత చార్జి పెట్టవలెను.

దొంగతనము సంగతి కూడ ఆలోచించవలసినదే. బస్సుస్టాండు సైకిలు స్టాండులో ఉదయము పెట్టి సాయంకాలము తీసుకొనేవారికి, సులభముగా ఊడివచ్చే దీపము ఇతరులకు కూడ సులభముగానే ఊడివచ్చును. తీసి సంచిలో వేసుకొనే అలవాటు ఉన్నవారు రబ్బరు పట్టీ రకము కొనవచ్చును. మతిమరపు గలవారు, పిల్లలకు కొనేవారు బోల్టు రకమే కొనవలెను. పిల్లవాడు దీపమును సంచిలో పెట్టుకొనును, మరునాడు ఇంటిలో మరచును, ఆ రాత్రియే వాన వచ్చును.

అసలు డబ్బే లేనివారు ఏమి చేయవలెను? ఎర్రని రిఫ్లెక్టరు టేపు మీటరు కొద్ది రూపాయలకే దొరకును. వెనుక మడ్‌గార్డుకు ఒక జానెడు, పాల క్యాను వెనుకవైపున చుట్టూ ఒక వరుస అంటించవలెను. పెడలు బిళ్లలు ఊడిపోయి ఉంటే కొత్తవి వేయించవలెను. పైకి క్రిందికి ఆడే ఆ రెండు చుక్కలను చూడగానే అది సైకిలని డ్రైవరుకు తెలిసిపోవును. మోకాలికి, చీలమండకు రిఫ్లెక్టరు పట్టీ కట్టుకొన్నవారిని, ఒంటికి మాత్రమే కట్టుకొన్నవారికంటె డ్రైవర్లు బాగా గుర్తించుచున్నారని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండు సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు పరీక్షించి చూపినారు. పంచె కట్టేవారికి చీలమండ పట్టీవల్ల మరొక లాభము, పంచె గొలుసులో చిక్కదు.

నాకు తోచిన బడ్జెటు ఇది. నూరు రూపాయలు ఉంటే టేపు, పెడలు బిళ్లలు. మూడువందలు ఉంటే అవి కొంత, మిగిలినదానితో చార్జి చేసే ఎర్ర దీపము ఒకటి. ఏడువందలు ఉంటే ముందు దీపము కూడ. అంతకు మించి పెట్టనక్కరలేదు. సరుకుల చీటీలో ఒక నెల చేరిస్తే చేరిపోయే ఖర్చే. కంపెనీ పేరుకంటె బిగించే క్లిప్పు చూడండి. గతుకుల రోడ్డు మీద నెల తిరిగేసరికి విరిగేది బల్బు కాదు, ఆ ప్లాస్టికు క్లిప్పే. విరిగినప్పుడు పాత ట్యూబునుండి కత్తిరించిన రబ్బరు పట్టీతో బిగించి కట్టండి, కంపెనీ క్లిప్పుకంటె అదే ఎక్కువ కాలము నిలుచును. శనివారము సైకిలు తుడిచేటప్పుడు దీపము అద్దమును, ఎర్ర బిళ్లను కూడ తడిగుడ్డతో ఒకసారి తుడవండి. రాత్రి బయలుదేరేటప్పుడు వెనుక దీపము వెలిగినదో లేదో తొక్కేవానికి కనబడదు గనుక, గుమ్మములో నిలబడినవారు చూచి చెప్పవలెను.